పది సెంట్ల పెరట్లో కోళ్ళా, మేకలా, కూరగాయలా: నడివేసవి లెక్కతో ఎంపిక

ఊరిలో సొంత ఇల్లు, దాని చుట్టూ ఎనిమిది పది సెంట్ల ఖాళీ జాగా, ఒక బోరు లేక బావి, రోజూ కాస్త పనిచేయగల ఇద్దరు మనుషులు ఉన్న కుటుంబం తన తిండిలో కొంత భాగాన్ని తానే పండించుకోవాలని అనుకున్నప్పుడు కోళ్ళు, మేకలు, మడులు, పందిళ్ళు, పండ్ల చెట్లు, ఊరగాయలు, ఒరుగులు అన్నీ ఒకేసారి మనసులో మెదులుతాయి. ఈ ఆలోచన చాలామందికి మృగశిర కార్తెలో, తొలకరి జల్లులకు నేల మెత్తబడి ఏ గింజ చల్లినా మొలిచే రోజుల్లో వస్తుంది. అప్పుడు వేసుకున్న లెక్క సంక్రాంతి దాకా చక్కగా నడిచి, శివరాత్రి దాటేసరికి తడబడి, రోహిణి కార్తె ఎండలకు పూర్తిగా తప్పుతుంది. బావిలో నీరు అడుగంటుతుంది, మడులు ఎండుతాయి, పెట్టలు గుడ్లు తగ్గిస్తాయి, మేకలకు పచ్చిమేత కరువవుతుంది. అందువల్ల పెరట్లో దేనికి చోటివ్వాలి, దేనిని వదులుకోవాలి అన్న నిర్ణయాన్ని మే నెలలో ఆ ఇంటికి దొరికే నీరు, నీడ, మేత, శ్రమ ఎంతో చూసి తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. కింది పోలికలన్నీ ఆ నెలను దృష్టిలో పెట్టుకొని చేసినవే.

నీటి లెక్క

ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. నడివేసవిలో కూరగాయల మడికి చదరపు మీటరుకు రోజుకు 5, 6 లీటర్ల నీరు ఖర్చవుతుంది కాబట్టి ఒక్క సెంటు మడులను పచ్చగా నిలపడానికి 200 నుంచి 240 లీటర్లు కావాలి. అదే ఎండలో పది కోళ్ళకు 4, 5 లీటర్లు, రెండు మేకలకు 10, 12 లీటర్లు తాగడానికి సరిపోతాయి. పశువులను పెంచితే నీరు చాలదేమోనని భయపడి కూరగాయలతో మొదలుపెట్టేవారు ఈ అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. ఎండాకాలంలో పెరటి నీటిని తాగేసేది కూరగాయల మడే.

అయితే కూరగాయలు మానుకోమని దీని అర్థం కాదు. ఏడాది పొడవునా ఒకే విస్తీర్ణంలో పంట పెట్టే పద్ధతికీ, కాలాన్ని బట్టి మడులను పెంచుతూ తగ్గిస్తూ పోయే పద్ధతికీ మధ్య ఎంచుకోవలసి వస్తే రెండోదే మేలు. వానాకాలంలో మూడు సెంట్లు, చలికాలంలో రెండు సెంట్లు, వేసవిలో అర సెంటు అనే అమరిక పది సెంట్ల ఆవరణకు తగినది. అర సెంటుకు కావలసిన 100, 120 లీటర్లలో కొంత భాగం బియ్యం, కూరగాయలు, పాత్రలు కడిగిన నీటినుంచే సమకూరుతుంది. మడి మీద వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ బెత్తెడు మందాన పరిస్తే ఇంకా తక్కువ నీటితో గడుస్తుంది. సబ్బు కలిసిన నీటిని ఆకుకూరలకు పెట్టకుండా అరటి, కొబ్బరి మొదళ్ళకు మళ్ళించాలి.

ఆ అర సెంటులో వేసవికి తట్టుకొనేవి తోటకూర, బచ్చలి, గోరుచిక్కుడు, బెండ. టమాటను ఏప్రిల్ దాటించాలని ప్రయత్నించడం నాకు సమంజసంగా తోచదు, ఎందుకంటే పగటి ఎండ ముదిరి రాత్రులు కూడా వేడెక్కాక పూత రాలిపోతుంది, పోసిన నీరంతా ఆకుకే పోతుంది. కొత్తిమీర, పాలకూర తప్పనిసరి అనుకునేవారు సగం ఎండను ఆపే షేడ్ నెట్ కింద ఒక చిన్న మడి వేసుకోవచ్చు.

కాలపు కూరలా, ఏళ్ళ తరబడి నిలిచే మొక్కలా

పెరడు అనగానే అందరూ ముందు విత్తనాల పొట్లాలు కొంటారు. నేనైతే మొదటి ఏడాది డబ్బును, శ్రమను ఎక్కువగా ఏళ్ళ తరబడి నిలిచే మొక్కల మీదే పెట్టమంటాను. మునగ, కరివేపాకు, దొండ, బొప్పాయి, నిమ్మ, అవిశ, గట్టు మీద అరటి ఒకసారి వేళ్ళు దిగితే వేసవిలో కూరగాయల మడి అడిగే నీటిలో కొద్ది భాగంతోనే బతుకుతాయి. వారానికి రెండుసార్లు పాదు నిండా నీరు పెడితే చాలు. దొండ తీగ పందిరి ఎక్కితే దాని నీడన కోళ్ళు పడుకుంటాయి. మునగాకు మనుషులకు కూర అవుతుంది, అవిశ రెమ్మ మేకకు మేత అవుతుంది. ఒక మొక్క రెండు మూడు పనులకు పనికొస్తుందా అన్న ప్రశ్న చిన్న జాగాలో చాలా విలువైనది.

కాలపు కూరల విషయానికి వస్తే బీర, సొర, కాకర, వంగ, మిరప, గోంగూర వానాకాలానికి, టమాట, ముల్లంగి, మెంతి, క్యాబేజీ చలికాలానికి అన్న విభజన అందరికీ తెలిసినదే. పందిరి చిక్కుడు ఒక్కటి ప్రత్యేకం. నాటు రకాలు పగలు కురచబడితే తప్ప పూతకు రావు కాబట్టి జూన్‌లో పెట్టినా, ఆగస్టులో పెట్టినా కాయలు చలికాలంలోనే వస్తాయి. అందుచేత దానికి వానాకాలమంతా పందిరిని అప్పగించకుండా ముందు బీర పండించుకొని, దాని చివరి రోజుల్లో చిక్కుడు గింజ పెట్టడం మంచిది.

నిల్వ చేయడానికి శ్రమ అక్కరలేని పంటలకు ఇంకొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలని నా సలహా. కందను జూన్‌లో నాటితే ఎనిమిది నెలలకు దుంప ఊరుతుంది, వెంటనే తవ్వకపోయినా నేలలోనే కొన్ని వారాలు నిలుస్తుంది. ముదిరిన గుమ్మడి, బూడిద గుమ్మడి కాయలను తొడిమతో సహా కోసి గాలి తగిలే చోట వేలాడదీస్తే నెలల తరబడి ఉంటాయి. పూర్వం దూలాలకు కాయలు కట్టింది ఇందుకే. బెండ, బీర నాలుగు రోజుల్లో ముదిరి పోయేవి కాబట్టి ఇంటి అవసరానికి మించి వేయడం వల్ల లాభం లేదు.

కోళ్ళు: ఏ రకం

చిన్న జీవాల్లో మొదట దేనిని తెచ్చుకోవాలి అంటే నా సమాధానం తడుముకోకుండా కోళ్ళే. కానీ కోళ్ళలో ఏ రకం అన్నది నిజమైన ప్రశ్న. నలుగురున్న ఇంటికి మనిషికి రోజుకో గుడ్డు కావాలనుకుంటే ఏడాదికి 1,460 గుడ్లు. పెరటి పెంపకంలో గ్రామప్రియ పెట్ట ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది కాబట్టి ఎనిమిది తొమ్మిది పెట్టలు చాలు. వనరాజ 100 నుంచి 110 పెడుతుంది, అంటే పదమూడు పద్నాలుగు పెట్టలు కావాలి. నాటు పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలుగా యాభై అరవై గుడ్లే పెడుతుంది, పైగా వాటిలో కొన్నిటిని పొదగడానికి వదలాలి. ఆ లెక్కన నలుగురి గుడ్ల కోసం పాతిక నాటు పెట్టలను పోషించాలి, వాటి మేత, గూడు, శుభ్రత పది సెంట్ల ఇంటికి బరువే.

గ్రామప్రియ, వనరాజ రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకాలు. మొదటిది ప్రధానంగా గుడ్ల కోసం, రెండోది గుడ్లకూ మాంసానికీ. వనరాజ ఒళ్ళు బరువెక్కుతుంది కాబట్టి కుక్కకు, ముంగిసకు త్వరగా చిక్కుతుంది. గ్రామప్రియ తేలికగా ఉండి ఎగిరి తప్పించుకుంటుంది. ఈ రెంటికీ ఉన్న పెద్ద లోటు, అవి పొదుగుకు సరిగా కూర్చోవు. ప్రతి రెండేళ్ళకు పిల్లలను బయటినుంచి తెచ్చుకోవలసి వస్తుంది. వాటి గుడ్లను పొదిగించినా పుట్టిన పిల్లల్లో తల్లి గుడ్ల దిగుబడి నిలవదు. నాటుకోడి, ముఖ్యంగా పందెంకోడి జాతి అయిన అసీల్, గుడ్లలో వెనకబడ్డా పొదగడంలో, గద్దను చూసి పిల్లలను రెక్కల కింద దాచుకోవడంలో సాటిలేనిది. నాటుకోడికి మార్కెట్లో పలికే ధర కూడా ఎక్కువే.

అందుకని ఒకే రకాన్ని ఎంచుకోవడం కంటే ఆరు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు, ఒక నాటు పుంజు అనే మేళవింపు నాకు అన్నిటికంటే నచ్చింది. గుడ్లు గ్రామప్రియ ఇస్తుంది, మాంసానికి కావలసిన పిల్లలను నాటు పెట్ట 21 రోజులు పొదిగి తానే పెంచుతుంది. గుడ్లు మాత్రమే కావలసినవారికి పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతూనే ఉంటుంది, ఆ గుడ్డు పొదగడానికి పనికిరాదంతే.

ఎదిగిన కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. ఆవరణలో తిరిగి పురుగులు, గింజలు, గడ్డి ఏరుకొనే కోడికి అందులో సగం దాకా బయటే దొరుకుతుంది, మిగిలింది నూకలు, తౌడు, జొన్న, మొక్కజొన్నలతో సరిపెట్టవచ్చు. గుడ్డుపెంకు పలచబడకుండా ఆలిచిప్పల పొడి విడిగా ఒక చిప్పలో ఉంచాలి. కోళ్ళు చల్లిన విత్తనాన్ని కాళ్ళతో కెలికి పారేస్తాయి కాబట్టి కూరగాయల మడికీ వాటికీ మధ్య కంచె తప్పదు. పంట అయిపోయిన మడిలోకి మాత్రం వాటిని ధైర్యంగా వదలవచ్చు, పురుగుల గుడ్లను, కలుపు గింజలను ఏరి నేలను శుభ్రం చేస్తాయి. పచ్చి కోడిపెంట వేడి చేసి మొక్కను మాడ్చేస్తుంది, రెండు మూడు నెలలు ఆకులతో కలిపి కుళ్ళిన తరువాతే మడికి వేయాలి.

కొక్కెర తెగులు (రాణిఖెట్) వస్తే టీకా వేయని మందంతా రెండు మూడు రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుంది. పిల్లకు మొదటి వారంలో లసోటా టీకా చుక్క, నాలుగో వారం చివర మళ్ళీ ఒకసారి, ఎనిమిది పది వారాల వయసులో ఆర్-టూ-బి టీకా సూది వేయించడానికి వీలులేని చోట కోళ్ళ పెంపకాన్ని అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది. ఈ ఒక్క విషయంలో నాకు ఏ మినహాయింపూ కనిపించదు.

మేకలు ఎవరికి, బాతులు ఎవరికి

మేక నీళ్ళు తక్కువ తాగుతుంది గానీ మేతకు మాత్రం జాగా కావాలి. పాతిక ముప్పై కిలోల మేకకు రోజుకు మూడున్నర, నాలుగు కిలోల పచ్చిమేత చొప్పున రెండు మేకలకు నెలకు 200 కిలోలు దాటుతుంది. మేక మందలో బతికే జీవి కాబట్టి ఒంటరిగా ఒక్కదాన్ని కట్టేయడం దాన్ని బాధపెట్టడమే. కనుక లెక్క ఎప్పుడూ రెండింటితోనే మొదలవుతుంది. ఊరి చుట్టూ తుమ్మ, రేగు, వేప చెట్లున్న బీడు, రోజూ మేపుకొచ్చే మనిషి ఉన్న ఇంటికి మేకలు కోళ్ళకంటే ఎక్కువ రాబడి ఇవ్వగలవు. రెండింటిలో ఏదీ లేని ఇంటికి అవి రోజువారీ వెతుకులాటగా మారతాయి. గేటు తెరిచి ఉన్న ఐదు నిమిషాల్లో మునగ మొక్క బెరడుతో సహా కొరికేసే జీవిని కూరగాయల పెరట్లో కట్టేయకుండా ఉంచడం కుదరదు.

కంచె వెంబడి అవిశ, సుబాబుల్ వరుసగా నాటి, అవి మనిషెత్తు ఎదిగి కోతకు వచ్చాకనే మేకలను తేవాలి. అంటే ఈ ఏడాది నాటితే వచ్చే ఏడాది మేకలు. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతుకు మించకూడదు, అందులోని మైమోసిన్ అనే విషపదార్థం ఎక్కువైతే వెంట్రుకలు రాలి జీవి చిక్కిపోతుంది. నీటి ఎద్దడిలో గిడసబారిన లేత జొన్నను మేపితే నాము (లేత జొన్నలోని విషం) పట్టి నిమిషాల్లో ప్రాణం పోయే ప్రమాదం ఉంది. వేసవిలో పక్కచేను జొన్న పిలకలు పచ్చగా ఆశపెడతాయి కాబట్టి ఈ మాట ముందే గుర్తుంచుకోవాలి.

మేకకు చూడి కాలం ఐదు నెలలు. నవంబరులో దాటిస్తే పిల్లలు ఏప్రిల్‌లో పుట్టి తల్లికి పాలు, పిల్లకు పచ్చిక లేక నీరసిస్తాయి. జూన్, జూలైలలో కొత్త మేతకు మేకలు పుష్టిగా ఎదకు వచ్చినప్పుడు దాటిస్తే నవంబరు, డిసెంబరులలో ఈని, పిల్లలు చలికాలమంతా పచ్చిమేత మీద ఎదిగి వేసవికి గట్టిపడతాయి. రెండు మేకల కోసం పోతును పోషించనక్కరలేదు, ఊళ్ళో మంచి పోతు ఉన్న చోటికి తీసుకెళ్ళి దాటించుకోవచ్చు. వానలకు ముందూ తరువాతా నట్టల మందు, చిటుక రోగానికి, పి.పి.ఆర్. అనే అంటువ్యాధికి టీకాలు పశువైద్యశాలలో వేయించాలి. అత్యవసరమైతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

కుందేలుకు ఎండ పడదు. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటిన దగ్గరనుంచి ఆయాసపడుతుంది, మగ కుందేళ్ళు వేసవిలో కొంతకాలం సంతానశక్తిని కోల్పోతాయి. రామగుండం, ఖమ్మం, రెంటచింతల వంటి చోట్ల 45 డిగ్రీల ఎండలో వాటిని గూళ్ళలో ఉంచడం నాకు ఇష్టం లేదు. పైగా ఇంటివారికి వాటిని కోసి తినే అలవాటు లేకపోతే సంఖ్య పెరిగి ఇబ్బంది అవుతుంది. కౌజు పిట్టలు ఆరేడు వారాలకే గుడ్లు పెడతాయి, చాలా కొద్ది చోటులో పెరుగుతాయి. డాబా మీద తప్ప జాగా లేనివారికి అవి బాగుంటాయి గానీ గుడ్డు పది పన్నెండు గ్రాములే, మేత మొత్తం కొనాల్సిందే.

బాతులు గోదావరి, కృష్ణా డెల్టాల జీవులు. వరి కోసిన మళ్ళలో రాలిన గింజ, నత్తలు, పురుగులు తిని తక్కువ ఖర్చుతో గుడ్లు పెడతాయి. చెరువో కాలువో దగ్గర లేని మెట్ట ఊళ్ళో వాటిని పెంచడం నీటిని పారబోయడమే అవుతుంది. బాతులనూ కోళ్ళనూ ఒకే గూటిలో, ఒకే నీటి తొట్టి దగ్గర ఉంచవద్దు. బర్డ్ ఫ్లూ వైరస్‌ను బాతు తాను జబ్బు పడకుండానే మోయగలదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ప్రాంతంలో ఆ వ్యాధి బయటపడినప్పుడు నష్టపోయింది పెద్ద ఫారాలే అయినా, పెరటి కోళ్ళకు కూడా అది అంతే ప్రాణాంతకం.

ఎప్పుడు తెచ్చుకోవాలి

కోడిపిల్లలను రోజు పిల్లలుగా తెస్తే మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలి, ఆ తరువాత వారం వారం తగ్గించాలి. కొత్తగా మొదలుపెట్టేవారు కొంచెం ధర ఎక్కువైనా ఆరు వారాలు పెంచిన పిల్లలను కొనడం క్షేమం. ఆగస్టులో ఆరు వారాల పిల్లలను తెస్తే వానాకాలపు పురుగు పుట్ర తిని ఎదిగి డిసెంబరు నడిమికి గుడ్లకు వస్తాయి. తొలి వేసవిని అవి పూర్తి బలంతో ఎదుర్కొంటాయి. మార్చి, ఏప్రిల్‌లలో తెచ్చిన పిల్లల్లో వడదెబ్బకు పోయేవి ఎక్కువ. వానాకాలంలో గూటి నేల తడిగా ఉంటే పిల్లలకు రక్తపారుడు వస్తుంది కనుక ఊకను ఎప్పటికప్పుడు తిరగేసి పొడిగా ఉంచాలి.

ఎండలు ముదిరాక మేతను తెల్లవారుజామున, పొద్దు వాలాక మాత్రమే వేసి, మధ్యాహ్నం చల్లని నీరు మట్టి మూకుళ్ళలో నీడన ఉంచాలి. రేకుల కప్పు ఉన్న గూటికి తాటాకు గానీ రెల్లుగడ్డి గానీ కప్పడం ఏ ఫ్యానుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

నిల్వ: ఎండ, ఉప్పు, నూనె, ఫ్రీజరు

వేసవి పెరటికి ఎంత కష్టమో నిల్వలకు అంత అనుకూలం. కాబట్టి పంట తగ్గిన నెలల్లో ఇంటివారి శ్రమను ఇటు మళ్ళించడం సహజంగా కుదురుతుంది. ఏ పద్ధతి ఎంచుకోవాలో మూడు విషయాలు నిర్ణయిస్తాయి: కాయలో పులుపు ఎంత, ఆ నెలలో గాలిలో తేమ ఎంత, కరెంటును ఎంతవరకు నమ్మవచ్చు.

ఎండబెట్టడానికి ఖర్చు లేదు. వంకాయ, కాకర, గోరుచిక్కుడు, బెండ వంటి కూరల్లో పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు నీరే కాబట్టి పది కిలోలు ఎండితే కిలోకు వస్తుంది, ఒక డబ్బాలో పట్టేస్తుంది. ఫిబ్రవరినుంచి మే దాకా రాయలసీమలో, తెలంగాణలో పొడి ఎండకు రెండు మూడు రోజుల్లో ముక్క పెళుసుగా విరుగుతుంది. కోస్తాలో సముద్రపు తేమకు రాత్రి మళ్ళీ మెత్తబడుతుంది కాబట్టి పొద్దు వాలకముందే లోపలికి తెచ్చి మూత పెట్టాలి. ఉప్పు నీటిలో ఒక నిమిషం ఉడికించి తీసిన ముక్క రంగు చెడదు, పురుగు పట్టదు. మునగాకు, కరివేపాకు, మెంతికూరలను మాత్రం నీడనే ఆరబెట్టాలి. ఎండలో వాటి రంగూ పోతుంది, ఎ విటమిన్‌గా మారే పదార్థం కూడా చాలావరకు పోతుంది. బూడిద గుమ్మడి వడియాలు సంక్రాంతి తరువాతి ఎండకు, చల్ల మిరపకాయలు శివరాత్రి తరువాతి ఎండకు బాగా కుదురుతాయి. ఒరుగులను వానాకాలానికి ముందు ఇంకొకసారి ఎండలో వేసి, గాలి చొరని స్టీలు డబ్బాలకు ఎక్కించాలి.

ఊరగాయ పద్ధతి పులుపున్న కాయలకు తగినది. మామిడి, ఉసిరి, చింతకాయ, నిమ్మ, గోంగూర, టమాట సొంత పులుపుతోనే సగం రక్షణ తెచ్చుకుంటాయి, మిగతా సగం ఉప్పు, నూనె చూసుకుంటాయి. కార్తీకంలో ఉసిరి, మార్గశిర పుష్యాల్లో చింతకాయ తొక్కు, మాఘంలో పండుమిరప, ఆ తరువాత టమాట, వైశాఖంలో ఆవకాయ, మాగాయ అన్న వరుస కాలమే ఇచ్చింది. ఆవకాయకు టెంక గట్టిపడిన పుల్లని కాయ, తడి లేని జాడీ, ఎండలో ఆరబెట్టిన కల్లుప్పు, ముక్కను ముంచేటంత పప్పునూనె ముఖ్యం. కారం, ఆవపిండి కొలతలు ఇంటింటికీ మారినా ఉప్పు తగ్గించడానికి మాత్రం వీలులేదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలంటే తినే ముద్ద తగ్గించుకోవాలి, లేదా కొద్దిగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి నెల రోజుల్లో ముగించాలి. ఉప్పు తగ్గించి జాడీలో ఏడాది ఉంచాలనుకుంటే అది చెడిపోతుంది.

పులుపు లేని కూరలను నూనెలో వేసి సీసా బిగించే పద్ధతులు, వీడియోలు చూసి కుక్కరులో సీసాలు ఉడికించి కూరలు నిల్వచేసే ప్రయోగాలు ఇప్పుడు మన ఇళ్ళలోకి వస్తున్నాయి. వీటి గురించి కటువుగానే చెప్పాలి. బెండ, బీన్సు, పుట్టగొడుగు, పచ్చి వెల్లుల్లి వంటివాటిలో గాలి ఆడని చోట క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేస్తుంది. దాని బీజాలు మరిగే నీటి వేడికి చావవు, 121 డిగ్రీల ఆవిరిలో తగినంత సేపు ఉంచాలి. వాసనలో, రుచిలో తేడా తెలియకుండానే ప్రాణం తీయగలదు. మన వంటింటి కుక్కరు అందుకు తయారుచేసినది కాదు. అలాంటి కూరలను ఎండబెట్టడమో ఫ్రీజరులో ఉంచడమో చేయాలి.

ఫ్రీజరు వల్ల పచ్చి చిక్కుడు గింజలు, కొబ్బరి కోరు, కోసిన కోడి మాంసం దాదాపు తాజాగా నిలుస్తాయి. కరెంటు నిలకడగా ఉండే చోట, మాంసం కోసం కోళ్ళు పెంచే ఇంటికి దీనిని తప్పకుండా సిఫారసు చేస్తాను. శ్రీకాకుళంనుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి ఉన్నవారు మాత్రం అక్టోబరునుంచి డిసెంబరు దాకా తుఫాను కాలమని మరువకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. తీరప్రాంతపు ఇల్లు నిల్వలో ఎక్కువ భాగాన్ని జాడీలకు, డబ్బాలకు అప్పగించి, ఫ్రీజరును ఒకటి రెండు వారాల తిండికే వాడుకోవడం మంచిది. మాంసం ఎక్కువైనప్పుడు బతికి ఉన్న కోడిని మరో నెల ఉంచుకోవడం అన్నిటికంటే చౌకైన నిల్వ అన్న మాట కూడా గుర్తుంచుకోవాలి.

గుడ్లను కడగకుండా, సన్నని కొన కిందికి ఉండేలా, తడి ఇసుక మీద పెట్టిన మట్టి కుండలో ఉంచితే వేసవిలో కూడా వారం రోజులు బాగుంటాయి. కడిగిన గుడ్డు మీది సహజమైన పొర పోతుంది కాబట్టి దానిని వెంటనే వాడాలి.

ప్రాంతాన్ని బట్టి

అనంతపురం, కర్నూలు వంటి తక్కువ వానల జిల్లాల్లో కూరగాయలను ప్రధానంగా ఒక వానాకాలానికే పరిమితం చేసి, మేకలకు, ఒరుగులకు పెద్దపీట వేయవచ్చు. అక్కడ బీడు దొరుకుతుంది, ఎండ దొరుకుతుంది, లేనిది నీరే. డెల్టాలో నీటికి కొదవ లేదనుకుంటారు గానీ వేసవిలో కాలువలు కట్టేసిన వారాల్లో బోరు ఉప్పగా ఉన్న ఇళ్ళకు అక్కడా ఇబ్బందే. ఆ నెలకు అరటి, కంద, కొబ్బరి నీడన పెరిగే బచ్చలి తోడుంటాయి. మేకలు బురద నేలలో డెక్క కుళ్ళి, కార్జంలో జలగలు పట్టి నీరసిస్తాయి కాబట్టి డెల్టావాసులు కోళ్ళు, వీలుంటే బాతులు ఎంచుకోవాలి.

నెల్లూరు, తిరుపతి వైపు ప్రధాన వాన అక్టోబరునుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. పైన చెప్పిన వానాకాలపు విత్తులను అక్కడివారు సెప్టెంబరు, అక్టోబరులకు జరుపుకోవాలి, మేకలను దాటించే నెలను కూడా ఆ మేరకు ఆలస్యం చేయవచ్చు. పాడేరు, అరకు, చింతపల్లి కొండ ప్రాంతాల్లో వేసవి తీవ్రత తక్కువ. అక్కడ కష్టకాలం ఎడతెరిపి లేని వానలూ, డిసెంబరు, జనవరి చలీ. గూడుకు గాలి ఆడటంతో పాటు చలిగాలికి అడ్డు కూడా కావాలి, ఒరుగులు ఎండే రోజులు తక్కువ కాబట్టి పసుపు, అల్లం, రాజ్మా వంటి తమంతట తాము నిలిచే పంటలు ఎంచుకోవాలి. అక్కడి అసీల్ జాతి కోడిని వదిలి బయటి రకం కోసం కిందికి దిగవలసిన అవసరం నాకు కనిపించదు.